ఆట కట్టేదాకా ఆడనివ్వండి

మన ఫెస్ట్ చెస్ పోటీలో ఒక నియమం ఉంది. అరగంట అయ్యేసరికి ఎవరి రాజూ కట్టుబడకపోతే వాలంటీర్ వచ్చి బోర్డు మీద మిగిలిన పావులు లెక్కపెడతాడు. మంత్రికి 9, ఏనుగుకి 5, ఒంటెకి 3, గుర్రానికి 3, బంటుకి 1. ఎవరి మొత్తం ఎక్కువైతే వాళ్ళు తరవాతి రౌండ్‌కి. ఇది కొన్నేళ్ళుగా ఇలాగే నడుస్తోంది. ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఈ ఏడాది ఆ నియమాన్ని తీసెయ్యాలని నేనంటున్నాను. ఎందుకో చెప్పడానికి కొంచెం చోటు పడుతుంది, ఓపిక పట్టండి.

ముందు పేర్ల సంగతి. రూక్‌ని ఏనుగనీ, బిషప్‌ని ఒంటె అనీ రాస్తున్నాను. మా ఇంట్లో అలాగే అనేవాళ్ళు. కొందరు బిషప్‌ని శకటు అంటారు, వాళ్ళతో నాకు తగాదా లేదు. క్వీన్ మాత్రం మనకి మంత్రే. రాణిగారిని యుద్ధానికి పంపడం ఇంగ్లీషువాళ్ళ అలవాటు. ఇక చెక్‌మేట్‌కి మన భాషలో ఉన్న మాట ఎంత బాగుందో చూడండి: ఆటకట్టు. రాజు చావడు. కదలడానికి గడి లేకుండా అతన్ని కట్టేస్తారు, అంతే. ఎన్ని పావులు తిన్నావన్న ఊసే ఆ మాటలో లేదు.

పావుల విలువలు ఎక్కడినుంచి వచ్చాయి? ఆట మధ్యలో, బోర్డు నిండా పావులున్నప్పుడు, నా గుర్రం ఇచ్చి నీ ఏనుగు తీసుకుంటే లాభమా నష్టమా అని చూసుకోవడానికి పనికొచ్చే అంచనా అది. కూరగాయల బజారులో ధర లాంటిది. కానీ బోర్డు ఖాళీ అయ్యేకొద్దీ ఆ ధరలు చెల్లవు. అయిదారు పావులు మిగిలాక ఏ పావు ఎంత అన్న దానికంటే ఏ గడిలో ఉంది, ఎత్తు ఎవరిది అన్నదే అసలు లెక్క.

ఉదాహరణకి రెండు గుర్రాలు, రాజు ఒకవైపు, ఒంటరి రాజు మరోవైపు. మన వాలంటీర్ లెక్క ప్రకారం 6-0. ఇంతకంటే ఏకపక్షం ఏముంటుంది? కానీ రెండు గుర్రాలతో ఒంటరి రాజుని బలవంతంగా కట్టడం అసాధ్యం. అవతలివాడు తనంతట తాను తప్పు గడిలోకి వెళ్తే తప్ప ఆట కట్టదు. మూలకి తోసుకుంటూ పోతే కట్టడానికి ఒక ఎత్తు ముందే అతనికి కదలడానికి గడి లేకుండా పోతుంది, చెక్ కూడా ఉండదు. అంటే స్టేల్‌మేట్, డ్రా. ఇంకో తమాషా ఉంది. అవతలివాడికి ఒక బంటు కూడా ఉందనుకోండి, అప్పుడు కొన్ని స్థితుల్లో రెండు గుర్రాలవాడు గెలవగలడు! ఎందుకంటే రాజుకి గడి లేకపోయినా కదల్చడానికి ఆ బంటు ఉంది కాబట్టి స్టేల్‌మేట్ అవ్వదు. ఈ పోకడని ట్రోయిత్స్కీ అనే రష్యన్ పెద్దమనిషి ఓపిగ్గా విశ్లేషించి, బంటు ఎంత దూరంలోపు ఆగితే గెలుపు దక్కుతుందో గీత గీసి మరీ చూపించాడు. ఇప్పుడు చెప్పండి, 6-0 డ్రా, 6-1 గెలుపు. ఏ కాలిక్యులేటర్‌లో వస్తుందిది?

ఇంకొకటి. తెల్లవాడికి రాజు, హెచ్ వరసలో బంటు, తెల్లగళ్ళ మీద తిరిగే ఒంటె. నల్లవాడికి రాజొక్కడే, కానీ అతను హెచ్8 మూలలో కూర్చున్నాడు. లెక్క 4-0. ఫలితం డ్రా. హెచ్8 నల్ల గడి. ఒంటె జన్మలో ఆ గడిని తాకలేదు. కాబట్టి మూలలో ఉన్న రాజుని బయటికి తరమలేం. మరీ దగ్గరికి వెళ్తే స్టేల్‌మేట్. అదే ఒంటె నల్లగళ్ళదైతే హాయిగా గెలుపు. పావులు అవే, లెక్క అదే, ఒంటె నిలబడ్డ గడి రంగు మాత్రమే వేరు.

మంత్రికి ఎదురుగా ఒక్క బంటు ఉన్న ఆట కూడా చూద్దాం. 9-1. తెల్ల బంటు సీ7కి వచ్చేసింది, దాని రాజు బీ8లో ఉన్నాడు, నల్ల రాజు ఎక్కడో దూరంగా ఉన్నాడు. నల్ల మంత్రి బీ6 నుంచి చెక్ చెప్పింది. తెల్ల రాజు బంటుని వదిలేసి ఏ8 మూలకి వెళ్ళిపోతాడు. చూసేవాళ్ళకి పిచ్చి ఎత్తులా కనిపిస్తుంది. మంత్రి ఆ బంటుని తింటే? సీ7లో మంత్రి, ఏ8లో రాజు, చెక్ లేదు, కదలడానికి గడి లేదు. డ్రా. తినకపోతే బంటు మంత్రి అవుతుంది. బంటు సీ, ఎఫ్ వరసల్లోనో, అంచు వరసల్లోనో ఉండి ఏడో అడ్డవరసకి చేరితే, మంత్రి ఉన్నవాడి రాజు దగ్గర్లో లేకపోతే, మామూలుగా ఇదే కథ. 9కీ 1కీ సమానం.

ఏనుగు, బంటు ఒకవైపు, ఏనుగు మరోవైపు ఉన్న ఆటలు నిజం ఆటల్లో మాటిమాటికీ వస్తాయి. ఇక్కడ లెక్క ఎప్పుడూ 6-5. లుసేనా స్థితి అంటారే, అది వస్తే గెలుపు. ఫిలిడోర్ స్థితి వస్తే డ్రా. ఫిలిడోర్ 18వ శతాబ్దపు ఫ్రెంచివాడు, ఆపెరాలకి సంగీతం కట్టడం అతని అసలు వృత్తి. కాపాడుకునేవాడు ఏనుగుని ఒక అడ్డవరసలో నిలబెట్టి ఎదుటి రాజుని ముందుకి రానివ్వకుండా ఆపుతాడు. బంటు ఆ వరసలోకి అడుగుపెట్టగానే ఏనుగుని బోర్డు అవతలి చివరికి తీసుకెళ్ళి వెనకనుంచి చెక్‌లు చెబుతూ ఉంటాడు. దాక్కోవడానికి ఎదుటి రాజుకి చోటుండదు. రెండువందల ఏళ్ళకి పైగా చెస్ నేర్చుకునేవాళ్ళు దీన్ని నేర్చుకుంటూనే ఉన్నారు. మన హాల్లో మాత్రం 6 పెద్దది, 5 చిన్నది, లేవండి బాబూ లేవండి.

ఇదంతా పుస్తకాల గొడవ, మన పోటీల్లో ఇలాంటివి ఎక్కడొస్తాయి అంటారేమో. వచ్చింది. పోయినసారి క్వార్టర్ ఫైనల్లో పక్కన నిలబడి చూసినవాళ్ళలో నేనూ ఉన్నాను. పైన చెప్పిన తప్పు రంగు ఒంటె స్థితే. డిప్లొమా చేసి లేటరల్ ఎంట్రీలో వచ్చిన ఒక తమ్ముడు ఒంటరి రాజుతో మూలలో కూర్చున్నాడు. అక్కడికి చేరడానికి అతను పది ఎత్తుల ముందే తన ఆఖరి గుర్రాన్ని వదిలేసుకుని మరీ రాజుని పరిగెత్తించాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అతను మాత్రం ఏం చేస్తున్నాడో తెలిసే చేశాడు. టైమ్ అయింది, వాలంటీర్ వచ్చాడు, నాలుగు సున్నా అన్నాడు. "అన్నా, ఇది డ్రా అన్నా, కావాలంటే ఆడమనండి, ఎంతసేపైనా కట్టలేడు" అని ఆ తమ్ముడు రెండుసార్లు చెప్పాడు. "రూల్ అంతే తమ్ముడూ, ఏం చేస్తాం" అని సమాధానం. వాలంటీర్ తప్పు కాదది. అతని చేతిలో పెట్టిన కాగితంలో అలాగే ఉంది. కానీ ఆ హాల్లో చెస్ అంటే ఏమిటో ఆ రోజు అందరికంటే బాగా తెలిసినవాడు బ్యాగు తగిలించుకుని బస్సుకి వెళ్ళిపోయాడు. సర్టిఫికెట్ మీద పార్టిసిపేషన్ అని అచ్చు.

ఇప్పుడు రెండోవైపు చూద్దాం. నిజంగా గెలిచే స్థితే ఉంది, మంత్రి ఎక్కువుంది, ఏనుగు ఎక్కువుంది. అది తెలుస్తూనే ఉంది కదా, ఇంకా కట్టి చూపించడం దేనికి అని కమిటీలో ఒక సీనియర్ నాతో వాదించాడు. మర్యాదైన ప్రశ్నే. కానీ గెలిచే స్థితి వేరు, గెలుపు వేరు. మధ్యలో పని ఉంది.

ఏనుగు, రాజుతో ఒంటరి రాజుని కట్టడం చూడండి. ఎంత చెడ్డ స్థితి నుంచి మొదలుపెట్టినా సరిగ్గా ఆడితే 16 ఎత్తుల్లోపు అయిపోతుందని లెక్క తేలింది. మంత్రితో అయితే 10. అయినా మన హాస్టల్ గదుల్లో ఏనుగు పట్టుకుని నలభై ఎత్తులు చెక్ మీద చెక్ చెప్పేవాళ్ళని చూస్తూనే ఉంటాం. చెక్ చెప్పడం అంటే పని జరుగుతోందని ఒక భ్రమ. రాజు ఇటు జరుగుతాడు, మళ్ళీ చెక్, అటు జరుగుతాడు. ఏనుగు పని చెక్ చెప్పడం కాదు, గోడ కట్టడం. ఏనుగు ఒక వరస పట్టుకుని నిలబడితే ఎదుటి రాజు ఆ గీత దాటలేడు. తరవాత మన రాజు నడిచి రావాలి. ఏనుగు ఒక్కటే కట్టలేదు, రాజు దగ్గరికి రావాల్సిందే. ఆట మొదట్లో కోటలో దాక్కున్న రాజు చివరికి వచ్చేసరికి మొదటి వరస యోధుడవుతాడు. ఎండ్‌గేమ్‌లో నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే.

ఒక స్థితి పెడతాను. బోర్డు ఉంటే పేర్చుకోండి. తెల్ల రాజు డీ6, ఏనుగు హెచ్7, నల్ల రాజు సీ8. ఎత్తు తెల్లవాడిది. చెయ్యి వెంటనే ఏనుగుని హెచ్8కి పంపమంటుంది, చెక్ కదా! పంపితే నల్ల రాజు బీ7కి వచ్చి గోడ దాటి బయటపడతాడు. మళ్ళీ మొదటికి వచ్చింది. సరైన ఎత్తు ఏమిటంటే ఏనుగుని హెచ్7 నుంచి జీ7కి ఒక్క గడి జరపడం. చూడటానికి ఏమీ చెయ్యని ఎత్తు. కానీ చదరంగంలో 'పాస్' అనే సౌకర్యం లేదు, నల్లవాడు కదలాల్సిందే. డీ8కి వెళ్తే రాజులిద్దరూ ఎదురెదురుగా వస్తారు, ఏనుగు జీ8, ఆట కట్టు. బీ8కి వెళ్తే మన రాజు సీ6కి వస్తాడు. అక్కడినుంచి అతను సీ8కి తిరిగొస్తే ఏనుగు జీ8 కట్టు. ఏ8కి పారిపోతే మన రాజు బీ6, అతనికి బీ8 ఒక్కటే గడి, వెళ్ళగానే ఏనుగు జీ8 కట్టు. మొత్తం గెలుపంతా ఆ ఖాళీ ఎత్తులో ఉంది. ఎదుటివాణ్ణి ఏమీ అనకుండా, నీ వంతు వచ్చింది కదులు నాయనా అని ఊరుకోవడం. దీన్ని ఒకసారి చేత్తో ఆడి చూసినవాడికి చెక్ మీద మోజు పోతుంది.

మంత్రితో ఇంకా సులువు, ఇంకా ప్రమాదం. పద్ధతి అందరికీ తెలిసిందే. మంత్రిని ఎదుటి రాజుకి గుర్రం ఎత్తు దూరంలో పెట్టి, అతను ఎటు జరిగితే అటు జరుపుకుంటూ పోతే పెట్టె చిన్నదైపోతుంది. రాజు మూలకి చేరగానే మాత్రం ఆగాలి. ఏ8లో రాజు ఉండగా అలవాటుకొద్దీ మళ్ళీ గుర్రం దూరంలో, అంటే బీ6లోనో సీ7లోనో మంత్రిని పెడితే స్టేల్‌మేట్. ఇంతసేపూ గెలిపించిన పద్ధతే ఆఖరి ఎత్తులో డ్రా చేసేస్తుంది. 9-0 ఉన్నవాడు ఇది తప్పించుకోగలడని వాలంటీర్ ఎలా హామీ ఇస్తాడు? ఆడితేనే తెలుస్తుంది. ఒంటరి రాజుతో ఆడేవాడికి మిగిలిన ఆశంతా అక్కడే ఉంది. ఆ ఆశ న్యాయమైనది, ఆట నియమాలే అతనికి ఇచ్చాయి దాన్ని. మనం అరగంట గంట కొట్టి లాగేసుకుంటున్నాం.

ఇక ఒంటె, గుర్రం. రెండూ కలిసి ఒంటరి రాజుని కట్టగలవు, కానీ సరైన ఆటకి కూడా 33 ఎత్తుల దాకా పట్టొచ్చు. బలవంతంగా కట్టగలిగేది ఒంటె నిలబడే రంగు మూలలో మాత్రమే. ఆ సంగతి తెలిసిన ఎదుటి రాజు రెండో రంగు మూలలోకి పోయి కూర్చుంటాడు. అక్కడినుంచి అంచు వెంబడి అతన్ని సరైన మూలకి నడిపించుకు రావాలి. గుర్రం ఇంగ్లీషు డబ్ల్యూ అక్షరం గీసినట్టు తిరుగుతుంది, ఒంటె రెండు గడులు మూస్తుంది, రాజు భుజం అడ్డం పెడతాడు. మధ్యలో ఒకచోట రాజు తప్పించుకుని బయటికి పరిగెత్తినట్టే కనిపిస్తాడు, గుండె ఝల్లుమంటుంది. నిజానికి వల ముందే వేసి ఉంటుంది. ఎదురుగా ఏ పావూ తినకుండా, బంటు కదలకుండా ఇద్దరూ 50 ఎత్తులు ఆడేస్తే డ్రా అడగొచ్చు. అంటే 17 ఎత్తుల కంటే ఎక్కువ వృథా చెయ్యడానికి లేదు.

2013లో జెనీవాలో జరిగిన మహిళల గ్రాండ్ ప్రీ పోటీలో ఉక్రెయిన్‌కి చెందిన ఆనా ఉషెనినాకి సరిగ్గా ఈ ఒంటె-గుర్రం స్థితి వచ్చింది. ఎదురుగా రష్యాకి చెందిన ఓల్గా గిర్యా, ఒంటరి రాజుతో. ఉషెనినా అప్పటికి ప్రపంచ మహిళా చాంపియన్. గ్రాండ్‌మాస్టర్. కట్టలేకపోయింది. 50 ఎత్తుల నియమం కింద డ్రా. ఇది చెప్పి ఆమెని చిన్నబుచ్చాలని కాదు. అలసిపోయి, గడియారం తరుముతుండగా అది ఎంత కష్టమో చెప్పడానికి. పేపరు మీద 6-0 ఉన్న ప్రపంచ చాంపియన్‌కే గెలుపు ఖాయం కానప్పుడు మన సెమినార్ హాల్లో ఎవరికి ఖాయం?

కంప్యూటర్ సైన్స్ వాళ్ళకి ఇక్కడ ఒక పండగ ఉంది. కొద్ది పావులు మిగిలిన ఆటల్ని ముందునుంచి కాక వెనకనుంచి ఛేదించారు. ముందు ఆట కట్టిన స్థితులన్నీ రాసుకోవడం, వాటికి ఒక ఎత్తు వెనక ఏవి, రెండెత్తుల వెనక ఏవి అని వెనక్కి నడుచుకుంటూ పోవడం. మనం డేటా స్ట్రక్చర్స్ ల్యాబ్‌లో గ్రాఫ్ మీద చేసే బీఎఫ్ఎస్సే, తలకిందులుగా. యూనిక్స్ రాసిన కెన్ థాంప్సన్ అయిదు పావుల స్థితులకి ఇలా పట్టికలు తయారుచేశాడు. వాటివల్ల తేలిందేమిటంటే, కొన్ని గెలిచే స్థితులకి 50 ఎత్తులు చాలవని. ఫిడే కొన్నాళ్ళు కొన్ని స్థితులకి ఎక్కువ ఎత్తులు అనుమతించి, 1992లో మళ్ళీ అన్నిటికీ 50 అనేసింది. 2012లో మాస్కో యూనివర్సిటీ లొమొనోసోవ్ సూపర్ కంప్యూటర్ మీద ఏడు పావుల పట్టికలు పూర్తిచేశారు, సుమారు 140 టెరాబైట్లు. అందులో కట్టడానికి 549 ఎత్తులు పట్టే స్థితి ఒకటి బయటపడింది. ఆ ఎత్తులు చూస్తే మనిషి బుర్రకి ఒక్కటీ అర్థం కాదు. అయిదువందల ఎత్తుల పాటు ఎవరు గెలుస్తున్నారో కూడా తెలియదు.

ట్రిపుల్‌ఈ మిత్రులు అలగొద్దు, మీకూ ఉంది. కంప్యూటర్లు పుట్టకముందే, 1912లో, తోరెస్ కెవేదో అనే స్పెయిన్ ఇంజనీరు రాజు, ఏనుగుతో మనిషి ఆడించే ఒంటరి రాజుని కట్టే యంత్రం చేశాడు. విద్యుదయస్కాంతాలు, స్విచ్చులు, అంతే. లోపల ఎవరూ దాక్కోలేదు. తప్పు ఎత్తు వేస్తే దీపం వెలిగేది, మూడుసార్లు చేస్తే ఆడటం మానేసేది. అది అతి తక్కువ ఎత్తుల్లో కట్టేది కాదు, ఒక్కోసారి 50 దాటేది కూడా. కానీ ఎప్పుడూ కట్టేది. యంత్రానికి ఆట నేర్పాలనుకున్న ఇంజనీరు మొదట నేర్పింది ఓపెనింగ్ కాదు, ముగింపు. క్యూబా చాంపియన్ కాపబ్లాంకా 1921లో రాసిన పుస్తకం కూడా మొదటి అధ్యాయం ఏనుగుతో రాజుని కట్టడంతోనే మొదలుపెట్టాడు. మనవాళ్ళు రీల్స్‌లో లండన్ సిస్టమ్, కారో కాన్, ఎనిమిదెత్తుల ట్రాప్‌లు చూసి వచ్చి, మంత్రి పోతే రిజైన్ కొట్టి ఇంకో గేమ్ పెట్టుకుంటారు. వెయ్యి గేములు ఆడి ఒక్క రాజునైనా ఏనుగుతో కట్టని వాళ్ళు మన క్లబ్బులోనే ఉన్నారు. వాళ్ళని తప్పుపట్టి లాభం లేదు. పోటీ దేనికి మార్కులేస్తే దానికే కదా మనం చదివేది. పావులు తినడానికి మార్కులేస్తున్నాం, తింటున్నారు. పదిహేనో నిమిషానికి ఒక ఒంటె ఎక్కువ సంపాదించి, మిగతా పదిహేను నిమిషాలు గోడకేసి చూస్తూ, ఎత్తుకి రెండు నిమిషాలు తీసుకునే వ్యూహం కూడా తయారైంది. గడియారం లేదుగా, అడిగేవాడెవడు?

సింగపూర్‌లో 2024 డిసెంబర్ 12న ప్రపంచ చాంపియన్‌షిప్ పద్నాలుగో ఆట గుర్తుందా? క్లాసులో వెనక బెంచీల్లో సగంమంది ఫోన్లో చూశారు. స్కోరు సమానం. గుకేశ్‌కి ఒక బంటు ఎక్కువ, కానీ ఇద్దరికీ ఏనుగూ ఒంటే ఉన్నాయి, స్థితి డ్రా. 55వ ఎత్తులో డింగ్ లిరెన్ ఏనుగుని ఎఫ్2లో పెట్టాడు. ఏనుగులు మారిపోయాయి, ఒంటెలు మారిపోయాయి, రాజులూ బంట్లూ మిగిలాయి, 58 ఎత్తుల్లో డింగ్ లేచి చెయ్యిచ్చాడు. 54వ ఎత్తు దగ్గర లెక్క చూసినా గుకేశ్‌కి ఒకటి ఎక్కువ, 58 దగ్గర చూసినా ఒకటే ఎక్కువ. లెక్కలో ఏమీ మారలేదు. ఆటలో డ్రా పోయి గెలుపొచ్చింది. మన కమిటీ అక్కడ ఉండి గంట కొట్టి ఉంటే పేరు అదే వచ్చేది, నిజమే. కానీ డ్రా స్థితిని వదలకుండా ఎదుటివాణ్ణి నాలుగైదు గంటలు కుర్చీలో కూర్చోబెట్టి, తప్పు చేసేదాకా అడుగుతూ పోయిన పద్దెనిమిదేళ్ళ కుర్రాడి ఆట మాత్రం ఎవరికీ కనపడేది కాదు.

కమిటీ ఇబ్బందులు నాకు తెలియనివి కావు. 64 ఎంట్రీలు, ఒక హాలు, అయిదింటికి బస్సులు. నాకౌట్ కాబట్టి ప్రతి ఆటలో ఒకరు ఓడి తీరాలి, డ్రా అంటే కుదరదు. అసలు చిక్కంతా ఇక్కడుంది. డ్రా అనే ఫలితానికి చోటు లేని పోటీ పెట్టాం కాబట్టి లెక్కపెట్టి గెలిపించాల్సి వస్తోంది. స్విస్ పద్ధతి పెడితే డ్రాకి చెరి అర పాయింటు, ఎవరూ ఇంటికి పోనక్కర్లేదు. ఇప్పుడు 64 మందికి ఆరు రౌండ్లు, రౌండుకి అరగంట, మొత్తం మూడు గంటలు. స్విస్‌లోనూ ఆరు రౌండ్లే చాలు. ఒక్కొక్కరికి 10 నిమిషాలు, ఎత్తుకి 5 సెకన్లు అదనం ఇద్దాం. 60 ఎత్తుల ఆటకి ఇద్దరికీ కలిపి అరగంట. వంద ఎత్తులు సాగినా 37 నిమిషాలు దాటదు. రౌండుకి 40 నిమిషాలు పెట్టుకుంటే నాలుగు గంటలు. ఒక్క గంట ఎక్కువ. జ్యోతి ప్రజ్వలన తరవాత ఉపన్యాసాలు కొంచెం తగ్గిస్తే అందులో సగం అక్కడే దొరుకుతుంది.

ఆ 5 సెకన్ల అదనం చాలా ముఖ్యం, దాన్ని బేరంలో వదులుకోవద్దు. అది లేకపోతే గెలిచే స్థితి ఉన్నవాడు కూడా చేతివేగం లేక ఓడిపోతాడు. ఉంటే, పద్ధతి తెలిసినవాడు తీరిగ్గా కట్టుకుంటాడు, తెలియనివాడు కట్టలేడు. మన గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2019లోనూ 2024లోనూ గెలిచిన ప్రపంచ రాపిడ్ పోటీల్లో కూడా 15 నిమిషాలకి తోడు ఎత్తుకి 10 సెకన్లు ఉంటాయి. ఏటా పోస్టర్ మీద ఆమె ఫొటో, వరంగల్ అర్జున్ ఫొటో వేసుకుంటున్నాం, వాళ్ళాడే నియమాల్లో సగమైనా తెచ్చుకుందాం.

గడియారాలు కొనడానికి డబ్బుల్లేవు అన్నారు. 32 బోర్డులకి 32 ఫోన్లు చాలు. చెస్ క్లాక్ ఆప్‌లు ఉచితం. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి ఫోను బోర్డు పక్కనే ఉంచాలి, రెండో ఆటగాడి ఫోను స్విచాఫ్ చేసి వాలంటీర్ దగ్గర పెట్టాలి. స్విస్ జతలు వేసే సాఫ్ట్‌వేర్ కూడా ఉచితంగానే దొరుకుతుంది. టైమ్ అయిపోయినవాడు ఓడినట్టు, కానీ ఎదుటివాడి దగ్గర ఏ విధంగానూ కట్టడానికి చాలిన పావులు లేకపోతే డ్రా. ఇది నేను కనిపెట్టింది కాదు, ఫిడే నియమాల్లో ఉన్నదే.

ఇవన్నీ ఒక పేజీలో రాసి, లెక్కలతో సహా, పదకొండుమంది సంతకాలతో స్పోర్ట్స్ కమిటీకి ఇచ్చాం. క్వార్టర్ ఫైనల్లో వెళ్ళిపోయిన ఆ తమ్ముడి సంతకం మూడోది. మొదట అడిగితే "ఎందుకన్నా, వదిలెయ్యండి" అన్నాడు. పేజీ చదివాక పెన్ను అడిగి తీసుకున్నాడు. ఇంకా జవాబు రాలేదు. సంతకం చెయ్యాలనుకునేవాళ్ళు లైబ్రరీ మెట్ల దగ్గర సాయంత్రం నాలుగున్నరకి రండి, బోర్డు కూడా ఉంటుంది. ఒంటె, గుర్రం మీవి, ఒంటరి రాజు నాది. 50 ఎత్తులు.